సాక్షి చూపు, వ్యాపారి చూపు

అహోబిలం నరసింహుడు స్తంభంలోనూ ఉన్నాడని నమ్మే శిరివెళ్ల మనిషికి, ఎవరో తనను ఎల్లవేళలా చూస్తున్నారన్న భావన కొత్తదేమీ కాదు. మరి ఫేస్‌బుక్ చూస్తే అభ్యంతరమెందుకు? అంతర్యామి సాక్షి మాత్రమే. ఆ చూపుకు లాభాపేక్ష లేదు. ఫేస్‌బుక్ మన ఇష్టాలను, మనం ఆగి చూసిన వీడియోలను లెక్కగట్టి, మన కంటి ముందు ప్రకటన పెట్టే చోటును క్షణాల్లో వేలం వేస్తుంది. పేర్లేమీ అమ్మడం లేదు కదా అనవచ్చు. నిజమే, కానీ పేరు తెలియకుండానే మన కోరికను కదిలించగలిగితే దెబ్బ తగిలేది సంకల్పానికే. తప్పు చేయనివాడికి భయమెందుకన్న వాదనా నిలవదు. మనిషి తన నిర్ణయానికి తానే వచ్చే చోటు గోప్యత. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దాన్ని ఏకగ్రీవంగా ప్రాథమిక హక్కన్నారు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అడగమంది. చదవకుండా నొక్కిన మీటను సమ్మతిగా లెక్కవేసుకోవడం మాత్రం ధర్మం కాదు.