గానుగ బరువు, దీపపు నూనె

శ్రమల దినాల్లో మన చర్చిల్లో తరచూ వినిపించే పోలిక ఒకటుంది: గెత్సేమనే అంటే నూనె గానుగ, ఒలీవ నలిగితేనే నూనె వచ్చినట్టు మనిషి నలిగితేనే భక్తి పండుతుంది. మొదటి మాట నిజం. అరామిక్‌లో ఆ పేరుకు అర్థం అదే. రెండో మాటను మాత్రం గానుగే ఒప్పుకోదు. ప్రాచీన కపెర్నహూము శిథిలాల్లో అలాంటి గానుగల నల్లరాతి తిరగళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. గుండ్రటి తొట్టిలో నిలువు రాయి తిరుగుతూ కాయల్ని గింజతో సహా ముద్ద చేసేది. ఆ ముద్దను అల్లిన బుట్టల్లో నింపి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక కొస గోడ గూటిలో దూర్చిన దూలాన్ని వాటిపైకి వంచి, రెండో కొసకు రాతిగుండ్లు వేలాడదీసేవారు. కారిన రసం మరో తొట్టిలో నిలిస్తే నూనె పైకి తేలేది, చేదు నల్లనీరు అడుగున మిగిలేది. అయితే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మగ్రంథం మిష్నా ఈ నూనెను మూడు తరగతులు చేసింది. చెట్టు కొనన పండిన కాయల్ని దంచి బుట్టలో పోస్తే, ఏ బరువూ పెట్టకుండానే బొట్లు బొట్లుగా దిగేది మొదటిది. దూలం కింద వచ్చేది రెండోది. మళ్లీ రుబ్బి మళ్లీ నొక్కితే వచ్చేది మూడోది. ఆలయ దీపానికి మొదటిదే; మిగతావి నైవేద్యపు పిండిలోకి. బరువు పెరిగేకొద్దీ నూనె తరగతి దిగింది.

దంచడమూ నలగ్గొట్టడమే కదా అనవచ్చు. కాదనను. ఏ ఒత్తిడీ ఎరగని మనిషిలో ఓర్పు ఎంతుందో ఎవరికీ తెలియదు. కానీ బయటికి తీయడం వేరు, పుట్టించడం వేరు. నూనె కాయలో చేరింది చెట్టు మీద, నెలల తరబడి ఎండలో. గానుగ దాన్ని పిప్పి నుంచి విడదీసింది, అంతే. పైగా ఒలీవకు నొప్పి తెలియదు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఈ పోలిక ఆగాల్సింది ఇక్కడే. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఇల్లాలితో ‘దేవుడు నిన్ను గానుగలో వేశాడు, ఓర్చుకో’ అనడం ఆ దెబ్బలకు దేవుడి పేరు పెట్టడమే.

మరి యేసు ఆ గెత్సేమనే తోటలోనే నలిగాడు కదా అంటారా? ఆయన అక్కడ బాధను పొగడలేదు. ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగాలని వేడుకున్నాడు. తండ్రి చిత్తానికి లోబడ్డాడు, నిజమే. ఆ లోబడే మాట తన కోసం తానే పలికాడు, ఇంకొకరి నెత్తిన పెట్టలేదు. శిష్యులైన పేతురును, యాకోబును, యోహానును మాత్రం తనతో మెలకువగా ఉండమని అడిగాడు. మూడుసార్లు వచ్చి చూశాడు. మూడుసార్లూ వాళ్లు నిద్రపోతున్నారు.