దునాష్ భార్య

మధ్యయుగ యూరప్ పాఠం నడుస్తుండగా ఒకమ్మాయి లేచి అడిగింది: "యూదులకి ఎవరి పాలన నయం మేడమ్, ముస్లింలదా, క్రైస్తవులదా?"

అలవాటైన జవాబు చెప్పేశాను. ముస్లిం స్పెయిన్‌లో జిజియా కట్టి, రెండో తరగతి ప్రజలుగానైనా నిలదొక్కుకున్నారు. 10వ శతాబ్దపు కార్డోబాలో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అనే యూదు వైద్యుడు ఖలీఫా తరఫున రాయబారాలు నడిపాడు. రైన్ నదీతీరంలోనో, 1096లో మొదటి క్రూసేడ్‌కి బయల్దేరిన గుంపులు వర్మ్స్, మైంజ్ యూదులను ఊచకోత కోశాయి. 1066లో గ్రనడాలో జరిగిన హత్యాకాండ, 12వ శతాబ్దంలో అల్మొహద్‌ల బలవంతపు మతమార్పిళ్లు కూడా చెప్పి, "స్వర్ణయుగం అనేమాట జాగ్రత్తగా వాడాలి" అన్నాను. ఇంటికొచ్చాక తట్టింది, నా జవాబులో ఒక్క ఆడమనిషి కూడా లేదని.

హస్దాయ్ ఆదరించిన కవుల్లో దునాష్ బెన్ లబ్రాత్ ఒకడు. అరబ్బీ ఛందస్సును హీబ్రూలోకి తెచ్చిన ఘనత అతనిదే. స్వర్ణయుగం అనగానే చెప్పే పేర్లలో అతని పేరూ ఉంటుంది. కైరో దగ్గర ఫుస్తాత్‌లో యూదుల ప్రార్థనామందిరం ఒకటుంది. దేవుడి పేరున్న కాగితం పారెయ్యకూడదని అక్కడి గదిలో శతాబ్దాల తరబడి పోగేసిన గుట్టలో ఒక చిన్న కవిత దొరికింది. దునాష్ భార్య రాసిందని పైనున్న శీర్షిక ఆధారంగా 1984లో ఎజ్రా ఫ్లైషర్ అనే పండితుడు వెల్లడించాడు. భర్త స్పెయిన్ వదిలి వెళ్లిపోతున్నాడు. ఆమె చేతుల్లో ఒక్కగానొక్క కొడుకు. ఉంగరం, కడియం, పైవస్త్రాలు గుర్తుగా ఒకరివొకరు తీసుకుంటారు. అంతే కవిత. ముస్లిం స్పెయిన్‌లో హీబ్రూలో కవిత్వం రాసిన స్త్రీగా మనకు తెలిసింది ఈమె ఒక్కతే. ఆమె పేరు మాత్రం ఆ కాగితం మీద లేదు.

వర్మ్స్‌లో పేరు మిగిలింది. డుల్సియా. వడ్డీ వ్యాపారంతో ఇంటిని, భర్త ఎలియాజర్‌ని, అతని శిష్యులని పోషించింది. ఆడవాళ్లకు ప్రార్థనలు నేర్పింది. 1196లో ఆయుధాలతో ఇంట్లోకి చొరబడ్డవాళ్లు ఆమెను, పదమూడేళ్ల బెలెట్‌ని, ఆరేళ్ల హన్నాను చంపేశారు. ఇవన్నీ మనకు తెలిసింది ఎలియాజర్ రాసిన విలాపగీతం వల్ల.

చట్టాలు చూద్దామా? అవీ ఒక పక్కకు మొగ్గవు. రెండో పెళ్లి కూడదు, భార్య ఒప్పుకోకుండా విడాకులివ్వకూడదు అనే కట్టుబాటు మైంజ్‌కు చెందిన గెర్షోమ్ పేరు మీద వచ్చింది, క్రైస్తవ పాలన కింద. ముస్లిం దేశాల యూదుల్లో బహుభార్యత్వం చెల్లుబాటైంది. కార్డోబాలో పుట్టిన మైమొనిడీస్, భార్య నెలకు ఒకటి రెండుసార్లకు మించి బయటికి వెళ్లకుండా చూడమన్నాడు. భర్త మీద ఏవగింపు కలిగిందని ఆమె చెబితే, ఆమె బందీ కాదు గనుక విడాకులిప్పించాల్సిందే అన్నదీ ఆయనే. ఈ రెండోమాటను క్రైస్తవ ఫ్రాన్స్‌లోని పెద్ద పండితుడు రబ్బేను తామ్ అప్పటికే తోసిపుచ్చి ఉన్నాడు.

ఇదంతా రాస్తుంటే నాకో భయం. ఊచకోతకు గురైన జాతి లోపలి పితృస్వామ్యాన్ని ఎత్తిచూపితే, గుమ్మం బయట కత్తి పట్టుకున్నవాడికి సాయపడ్డట్టు కాదా? 1985లో షాబానో తీర్పు తర్వాత మనమూ ఇదే ఇరకాటంలో పడ్డాం. మాట్లాడితే మతతత్వవాదులు అందిపుచ్చుకుంటారు, ఊరుకుంటే ఆమె ఒంటరైపోతుంది. అప్పుడు ఊరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని సున్నితత్వం అనుకున్నాను. ఆ మౌనం ఖరీదు నేను మాత్రం చెల్లించలేదు. డుల్సియాను చంపింది బయటివాళ్లు. ఆ మాట మెత్తబరచకుండానే, ఆమె సంపాదన మీద ఎంతమంది చదువుకున్నారో కూడా చెప్పాలి కదా.

తర్వాతి క్లాసులో రెండు పద్యాలూ ఇంగ్లీషు అనువాదంలో చదివించాను. ఏది నయమన్న ప్రశ్న మళ్లీ రాలేదు. ఆ అమ్మాయి మాత్రం రెండో కాగితం తిప్పి చూస్తూ, "ఇది ఆవిడ రాసింది కాదు కదా మేడమ్?" అంది. కాదన్నాను. మొదటిది మళ్లీ తీసి చదవడం మొదలుపెట్టింది.