అడుగువాడు ఉన్నవాడు ధన్యుడు

ధ్యానభాగము: నెహెమ్యా 2:1–18, 6:15



క్రొత్త సంవత్సరపు ఆరాధనలోను, ఉజ్జీవ కూటములలోను మనలో అనేకులము గొప్ప తీర్మానములు చేసికొందుము. ఒకడు అప్పు తీర్చవలెననియు, ఒకడు త్రాగుడు మానవలెననియు, చదువురాని యొక తల్లి తన బైబిలును తానే చదువుకొనవలెననియు కోరుదురు. కోరిక మంచిదే. అయితే నాట్లు వేయు దినములు వచ్చునప్పటికి వాటిలో ఎన్ని నిలిచియుండును? మనకు భక్తి లేక కాదు. మన తీర్మానము మనకు తప్ప మరెవరికిని తెలియదు గనుక, అది చచ్చినను అడుగువాడు లేడు.

నెహెమ్యా తీర్మానము మిక్కిలి పెద్దది. అతడు షూషను కోటలో అర్తహషస్త రాజునకు పానదాయకుడు. యెరూషలేము ప్రాకారము కూలియున్నదనియు, గుమ్మములు కాలిపోయెననియు విని, యేడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. మొదట దేవునితో చెప్పెను, ఇది మరువరాదు. తరువాత రాజుతో చెప్పెను. అప్పుడు రాజు, ప్రయాణమునకు ఎంత కాలము పట్టును, ఎప్పుడు తిరిగి వచ్చెదవు అని అడిగెను. నెహెమ్యా, “దేవుని చిత్తమెట్లున్నదో చూతము” అని తప్పించుకొనలేదు. గడువు నిర్ణయించి చెప్పెను. దేవుని చిత్తమను మాటను మన సోమరితనమునకు ముసుగు వేయుట ఎంత సులభము!

యెరూషలేము చేరిన తరువాతనైనను అతడు వీధిలో బూర ఊదలేదు. మూడు దినములుండి, కొద్దిమందితో రాత్రివేళ గోడలు పరీక్షించెను. పిమ్మట జనులందరితో చెప్పగా, వారు కట్టుటకు లేచిరి. మూడవ అధ్యాయము చదువుడి. అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగానున్న భాగమును బాగుచేసిరి. షల్లూము కుమార్తెలును పనిచేసిరి. తెకోవ ఊరి గొప్పవారు మాత్రము పనికి పూనుకొనలేదు, అదియును వ్రాయబడెను. ఎవరి భాగము ఎవరిదో అందరికిని తెలియును గనుక, 52 దినములలో గోడ ముగిసెను.

ఈ పాఠమును సంఘచరిత్రలోను చూడగలము. 1742లో ఇంగ్లాండు దేశపు బ్రిస్టల్ పట్టణములో, జాన్ వెస్లీగారి సమాజమునకు మందిరము కట్టిన అప్పు ఉండెను. సభ్యులను సుమారు 12 మంది చొప్పున విభజించి, ఒక్కొక్కరు వారమునకు ఒక పెన్నీ ఇచ్చునట్లు ఏర్పాటు చేసిరి. బీదవారు ఇయ్యలేనియెడల వారి నాయకుడే ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ పెన్నీ కొరకు ఇంటింటికి వెళ్లిన నాయకులు అక్కడి త్రాగుడును, కలహమును కన్నులార చూచిరి. అప్పటినుండి డబ్బు మాత్రమే కాక, నీ ఆత్మ క్షేమముగా ఉన్నదా అనియు అడుగసాగిరి. అప్పు తీర్చుటకు పుట్టిన యేర్పాటు మనుష్యులను నిలువబెట్టు యేర్పాటాయెను.

మన పల్లెలలో ఇది జరుగదా? నేనెరిగిన యొక గ్రామసంఘములో ఒక సహోదరుడు మూడు సంవత్సరములు వరుసగా కూటములో కన్నీటితో లేచి, త్రాగుడు మానెదనని చెప్పి, వారము తిరుగకముందే కల్లుపాకకు పోయెను. నాలుగవసారి అతడు కూటములో లేవలేదు. చీకటిపడిన తరువాత ఒక సంఘపెద్ద ఇంటికి వెళ్లి, “అన్నా, ప్రొద్దు క్రుంకువేళ నా కాళ్లు నా మాట వినవు” అనెను.

“అయితే తమ్ముడూ, ఆ వేళకు నేను మీ గుమ్మములో ఉందును” అని చెప్పి, ఆ పెద్ద ప్రతి సాయంకాలము వచ్చి అతనితో చేనిగట్టు వరకు నడిచెడివాడు. ఒక దినము పెద్దకు జ్వరము వచ్చెను. ఆ దినమే సహోదరుడు పడిపోయెను. మరునాడు తానే వచ్చి ఒప్పుకొనెను. పెద్ద కోపపడలేదు. “నన్నును నీవొకటి అడుగవలెను. నా తోడబుట్టినవానితో నాకు ఆరు సంవత్సరములుగా మాటలు లేవు. మాటలాడితినా లేదా అని ప్రతి ఆదివారము అడుగుము” అనెను.

ఆ సంవత్సరము క్రిస్మస్ నాడు ఆ అన్నదమ్ములు గుడిలో ఒక్క చాపమీద కూర్చుండిరి. ఆ సహోదరుడు నేటికిని సాయంకాలమున అదే గట్టుమీద నడచుచున్నాడు. ఇప్పుడు అతని ప్రక్కను మరియొక పడుచువాడు నడచుచున్నాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6:2లో పౌలు చెప్పిన భారము ఈలాగు మోయబడును.

ప్రియులారా, అడుగువాడు తీర్పరి కాడు, తానును అడుగబడువాడు. కొండెములు చెప్పువానిని ఎన్నుకొనకుడి. గుట్టు దాచువానిని, మీతో మోకరించువానిని వెదకుడి. ఈ వారమే ఒక్క తీర్మానమును ఒక్కరితో చెప్పి, వారు మిమ్మును అడుగవలసిన దినము నిర్ణయించుడి. వారి తీర్మానమును మీరును అడిగి తెలిసికొనుడి. తప్పినయెడల దాగుకొనక, మీరే ముందు వెళ్లి చెప్పుడి.

కూలిన గోడలను కట్టించిన దేవుడు మన ఇండ్లయెదుట కూలియున్న భాగములను మనకు చూపి, ప్రక్కను నిలుచు సహోదరుని దయచేయును గాక. ఆమేన్.