రోగికి తెలియజెప్పడం దయా, బాకీయా?

గుంటూరు సీమలో మిరపకోతకు పోయే కూలీ మనిషికి, ఆసుపత్రి విడిచేనాడు ఇంగ్లీషు చీటీ ఇచ్చి పంపుతారు. అదేమంటే, చెప్పినా ఆమెకు అర్థం కాదంటారు. ఈ వాదాన్ని నేను ఒప్పుకోను. రంగు చూసి తాలుకాయ ఏరివేయగల మనిషికి, ఏ మాత్ర ఎన్నాళ్లు వాడాలో, ఏ లక్షణం కనబడితే తిరిగి రావాలో తెలుగులో చెబితే తెలియదా?

తీరిక లేదన్నమాట నిజమే కావచ్చును. అయితే చెప్పేందుకు మనుషులను పెట్టమని అడగవలసింది ప్రభుత్వాన్ని. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు భరించడంతోపాటు, పేదలకు దారిచూపేందుకు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను నిలిపింది. చికిత్స స్వభావమూ ప్రమాదాలూ తెలుసుకొని ఇచ్చినదే నిజమైన సమ్మతి అని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

కనుక వివరించడం రోగికి తీర్చవలసిన బాకీ. సంతకం తీసుకున్నంతమాత్రాన అది తీరదు; విన్నదాన్ని రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగినప్పుడే తీరుతుంది.