ఇల్మ్ ఉంది, అమల్ ఏది?

తాము చేయని దాన్ని ఎందుకు చెబుతున్నారని అల్లాహ్ అస్సఫ్ సూరాలో నిలదీశాడు. ఇలా మాట్లాడటం తన దృష్టిలో ఎంతో అసహ్యకరమైన విషయమని కూడా హెచ్చరించాడు. ఈ మందలింపు అవిశ్వాసులకు కాదు, 'విశ్వాసులారా' అని సంబోధించి చేసినది. జుముఅ సూరాలో తౌరాత్ బాధ్యతను స్వీకరించి దాన్ని నెరవేర్చని వారిని గ్రంథాలు మోసే గాడిదతో పోల్చాడు. వీపు మీద ఎన్ని గ్రంథాలున్నా గాడిదకు దక్కేది బరువు మాత్రమే.

ప్రళయదినాన మనిషి పాదాలు కదలక ముందే అతడిని కొన్ని విషయాల గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. జీవితకాలాన్ని దేనిలో గడిపావు? ధనం ఎక్కడి నుండి సంపాదించావు, దేనికి ఖర్చు పెట్టావు? శరీరాన్ని దేనికి వాడావు? వీటితోపాటు, తెలుసుకున్న జ్ఞానంతో ఏం చేశావని కూడా అడుగుతారు. హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. ఎంత నేర్చుకున్నావన్నది ఇక్కడ ప్రశ్న కాదని గమనించాలి.

ఈ మాట విన్న కొందరు, "అలాగైతే తెలుసుకోకపోవడమే మేలు కదా! తెలియనివాడికి లెక్క తక్కువ" అంటారు. ఇది పైకి వినయంలా కనిపించినా నిజానికి తప్పించుకునే దారి. ధర్మంలో అవసరమైన జ్ఞానాన్ని ఆర్జించడం ప్రతి ముస్లిం విధి. తెలియకపోతే తెలిసినవారిని అడగమని ఖుర్ఆన్ ఆజ్ఞాపించింది. కోర్టు నోటీసు వచ్చిందని తెలిసీ తలుపు తీయని మనిషిని ఏ న్యాయమూర్తి అమాయకుడనడు. తెలుసుకునే అవకాశం లేనివాడి సంగతి వేరు. తెలుసుకుంటే చేయాల్సి వస్తుందని ముఖం తిప్పుకున్నవాడికి ఆ సాకు చెల్లదు.

అసలు మన జ్ఞానం ఆచరణలో ఎక్కడ ఆగిపోతోంది? నమాజు చేస్తున్నాం, రోజాలు పాటిస్తున్నాం. రమజానులో ఖుర్ఆన్ పఠనం పూర్తిచేసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అయితే ఆ పఠనంలో నిసా సూరా కూడా ఉంది. అందులోని 11, 12, 176 ఆయతులలో వారసుల వాటాలను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. వాటిని మధురంగా పఠించిన ఇంట్లోనే తండ్రి మరణించాక కూతుళ్ళకు వాటా అందకపోతే ఆ పఠనం మనకు అనుకూలంగా సాక్ష్యమిస్తుందా, ప్రతికూలంగానా?

ఈ ఆయతుల అవతరణ సందర్భాన్ని చూడండి. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) హిజ్రీ 3లో ఉహుద్ యుద్ధంలో అమరులయ్యారు. ఆయన ఆస్తినంతటినీ ఆయన సోదరుడు తీసుకున్నాడు. భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి మొరపెట్టుకున్నారు. అల్లాహ్ తీర్పు కోసం వేచి ఉండమన్నారు ఆయన. వారసత్వ ఆయతులు అవతరించగానే ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ఆదేశించారు. ఆయతుకూ అమలుకూ మధ్య ఎడం లేదు.

మన ఇళ్ళలో లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కొడుకులను, ఇద్దరు కూతుళ్ళను వదిలి మరణించాడనుకోండి. తల్లిదండ్రులు జీవించి లేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడో వంతుకు మించని వసియ్యత్ పోను 24 లక్షలు మిగిలాయి. భార్యకు 3 లక్షలు, ఒక్కో కొడుకుకు 7 లక్షలు, ఒక్కో కూతురుకు మూడున్నర లక్షలు. భార్య మహర్ చెల్లించకుండా ఉంటే అది కూడా అప్పే. పంపకానికి ముందే దాన్ని తీర్చాలి.

లెక్క తెలిసినా చేయి కదలదు, సాకులు కదులుతాయి. "ఆపా పెళ్ళికి చాలా ఖర్చు పెట్టాం కదా" అంటారు. తండ్రి బతికుండగా ఇచ్చినది కానుక. వారసత్వపు హక్కు ఏర్పడేది ఆయన మరణించాకే. ఒకటి మరొకదానికి బదులు కాదు. "ఆపాయే వద్దంది" అంటారు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో అన్న 'వద్దు' మనస్ఫూర్తిగా అన్నదేనా? వాటా ఎంతో లెక్క చెప్పి, ఆమె చేతికి అప్పగించండి. ఆ తర్వాత ఎవరి ఒత్తిడీ లేకుండా ఆమె తిరిగి ఇస్తే అది ఆమె ఔదార్యం.

ఒకప్పుడు మన దేశంలో పలు ప్రాంతాల ముస్లిములలో స్థానిక ఆచారమే చట్టంగా చెలామణి అయి స్త్రీలకు వాటా దక్కేది కాదు. ఆ ఆచారాల స్థానంలో షరీఅత్‌ను వర్తింపజేయడానికి 1937లో షరీఅత్ అప్లికేషన్ చట్టం వచ్చింది. ఆనాడు అందులో వ్యవసాయ భూములను మినహాయించారు. అల్లాహ్ మాత్రం పొలాన్ని గానీ ఇంటిని గానీ మినహాయించలేదు. వాటాలు చెప్పిన వెంటనే ఇవి తాను నియమించిన హద్దులని ప్రకటించాడు. పాటించినవారికి స్వర్గ శుభవార్తను, అతిక్రమించినవారికి నరక హెచ్చరికను వినిపించాడు.

సహాబాలు ఖుర్ఆన్‌ను ఎలా నేర్చుకున్నారో వారి శిష్యులైన అబూ అబ్దుర్రహ్మాన్ సులమీ (రహ్మలై) తెలిపారు. పది ఆయతులు నేర్చుకుంటే, వాటిలోని జ్ఞానాన్ని, ఆచరణను కూడా నేర్చుకున్నాకే ముందుకు సాగేవారట. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) బఖరా సూరా ఒక్కదానిపైనే ఎనిమిదేళ్ళు గడిపారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో పేర్కొన్నారు.

ప్రియ సోదర సోదరీమణులారా! ఆచరణలో లోపముందని నేర్చుకోవడం మానకండి, నేర్పడమూ మానకండి. లోపాన్ని సరిదిద్దే దారి కూడా జ్ఞానమే చూపుతుంది. మీ ఇంట్లో తాతల నాటి నుంచి అందాల్సిన వాటా ఏదైనా మిగిలి ఉంటే ఈ నెలలోనే కుటుంబమంతా కలిసి కూర్చోండి. ఆస్తుల జాబితా రాసి, నమ్మదగిన ముఫ్తీ వద్ద వాటాలు తేల్చుకోండి. పంపకం కాగితం మీద రాసి, అవసరమైన చోట రిజిస్ట్రేషన్ చేయించండి. సాటి మనిషి హక్కు కేవలం ఇస్తిగ్ఫార్‌తో తీరదు. దాన్ని హక్కుదారుకు చేర్చాలి, లేదా వారు మనస్ఫూర్తిగా మన్నించాలి. హక్కుదారు మరణించి ఉంటే ఆమె వారసులకు చేర్చాలి.

ప్రయోజనం కలిగించని జ్ఞానం నుండి దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ శరణు కోరేవారు. మనం కూడా అదే కోరుకుందాం. తెలిసిన దాన్ని, ముఖ్యంగా మన చేతిలోని సొమ్ము వదులుకోవాల్సి వచ్చినప్పుడు, ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.