తుపాకీ మీద పద్యం

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మా నెల్లూరు మైపాడు ఒడ్డుని తాకేదీ ఆ సముద్రమే. కానీ నన్ను ఆలోచనలో పడేసింది బాంబులు కాదు, జపాను సైనికుల తుపాకుల మీది నంబర్లు.

లెక్క 99,999 దాకా వచ్చాక, కొత్త వరుసకి గుర్తుగా సున్నా చుట్టి ఒక అక్షరం చెక్కేవారు. ఆ అక్షరాల క్రమం ఎక్కడిదనుకున్నారు? ‘ఇరోహ’ అనే పాత బౌద్ధ పద్యానిది! ప్రతి అక్షరమూ ఒక్కసారే వచ్చేలా అల్లిన ఆ పద్యంతోనే అక్కడి పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దారు. ఇంతకీ అది చెప్పేది, ఏదీ శాశ్వతం కాదని.

చెక్కేవాడికి ఆ అర్థం ఒక్కసారైనా తట్టలేదా? తట్టి ఉండదు లెండి. నోటికొచ్చిన పద్యం మనసుదాకా దిగాలని ఎక్కడుంది? గుళ్ళో శ్లోకం చదువుతూ మనం మాత్రం బయట వదిలిన చెప్పుల గురించి ఆలోచించమూ!

1945లో ఓడిపోయాక, చాలా తుపాకుల మీద చక్రవర్తి చామంతిపువ్వు ముద్రని అరగదీసి చెరిపేశారు. నంబరూ, దాని పక్కన అక్షరమూ మాత్రం అలాగే ఉండిపోయాయి.