రోగిసేవయు కాయకమే

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు శరణగోష్ఠిలో మైమరచి యుండగా ఇల్లాలు లక్కమ్మ ఆతనికి కాయకమును గుర్తుచేసినది. ఆతడు త్వరపడి అవసరమునకు మించిన బియ్యము తేగా, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మన్నది.

అట్లైన, మంచము పట్టిన తల్లికొఱకు బడి మానిన ఉపాధ్యాయుడు కాయకభ్రష్టుడా? కాడు. మారయ్య పనిని మరచెను. ఇతడు ఒక పనిని విడిచి మఱియొక పనిని చేపట్టెను. గంజి కాచి పోయుట, పక్క మార్చుట, వేళకు మందిచ్చుట, ఇవియు కాయకములే. ఆ భారమంతయు కోడలిపై వైచి బడికి పోవుట కాయకనిష్ఠ కాదు.

అసలు పరీక్ష వేఱొకచోట నున్నది. 1933 నాటి రాష్ట్ర సెలవు నిబంధనలు ఏడాది సర్వీసునకు 20 దినముల అర్ధవేతన సెలవు నిచ్చుచున్నవి. సొంతపనులకును దానిని వాడుకొనవచ్చును. పూర్తి జీతమునకు దానిని మార్చుకొనవలెనన్న తన రోగమునకే వైద్యపత్రము చూపవలెను. అందుచే కొందఱు తల్లి జ్వరమును తమ జ్వరముగా వ్రాయించుకొందురు. సేవ సత్యము, పత్రము అసత్యము. అట్లు వచ్చిన అధిక వేతనము లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము వంటిదే.

ఉన్నది ఉన్నట్లు వ్రాసి, పిల్లల పాఠములను తోటివారి కప్పగించి, సగము జీతముతోనే తల్లికి గంజి పోసినవాడు బసవన్న బోధించిన సత్యశుద్ధ కాయకమును నిలిపినవాడు.